బాపు ఛాతీలో కావలి

మా బాపు ఎందుకు పడిపోతున్నాడో సిరిసిల్లలో తెలియని మనిషి లేడు. బాపుతో పనిచేసే వెంకటికి తెలుసు, గాలి సోకింది. పక్కింటి కిష్టవ్వకు తెలుసు, దిష్టి తగిలింది. సందు చివరి ఆర్‌ఎంపీకి తెలుసు, ఫిట్స్. మెడికల్ షాపులో పొద్దంతా మందులమ్మే నాకొక్కదానికే తెలియదు. తెలియదని పైకి అన్నందుకు మా అవ్వ, అంటే మా అమ్మ, చేస్తున్న బీడీల చాట పక్కన పెట్టి మరీ నన్ను చూసింది.

"గంత సదివిచ్చింది గిది చెప్పెటందుకేనా?" అంది.

బాపు పేరు సిద్దిరాములు. పరశురాములు ఆసామి కార్ఖానాలో సాంచలు నడిపేవాడు. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం, దాని యజమానిని ఆసామి అంటాం. ఆసామి అనగానే పెద్ద సేటు అనుకోకండి, పరశురాములు కూడా బనియన్ నిండా నూనె మరకలతో తిరిగే మనిషే. బాపూ ఆయనా చిన్నప్పటినుంచి ఒకరినొకరు ఒరే అనుకుంటూ పెరిగారు.

మొదటిసారి పడింది రెండు సాంచల నడుమ సందులో. గుడ్డ చూస్తూ చూస్తూ ఉన్నవాడు ఉన్నట్టే కూలిపోయాడు. చేతులు కొట్టుకున్నాయి, కళ్లు తేలేశాడు. అట్లాంటప్పుడు మనిషి చేతిలో ఇనుము పెట్టాలని మా వాళ్లందరికీ పుట్టుకతోనే తెలుసు. వెంకటి పరుగెత్తుకొచ్చి ఒక పానా బాపు పిడికిట్లో పెట్టి వేళ్లు ముడిచాడు. కాసేపటికి బాపు లేచి కూర్చుని, "పానా నా చేతులెందుకున్నదిరా?" అన్నాడు. ఇనుము పనిచేసిందని కార్ఖానా మొత్తం ఒప్పుకుంది.

ఇనుము పనిచేస్తే మళ్లీ ఎందుకు పడ్డాడని నేనడిగాను. నా మాట ఎవరు వింటారు?

మూడోసారి పడ్డప్పుడు మోచేయి సాంచకు తగిలి చీరుకుపోయింది. ఆ రోజే పరశురాములు ఆసామి బాపును సాంచల దగ్గరనుంచి తీసేశాడు. ఎప్పుడో ఇంకో కార్ఖానాలో ఒకాయన నడుస్తున్న సాంచ మీద పడటం ఆయన కళ్లారా చూశాడట. ఆ సంగతి ఎప్పుడు మొదలుపెట్టినా సగంలోనే ఆపేసేవాడు. అందుకని బాపును మూలన కండెలు చుట్టే మిషను ముందు కూర్చోబెట్టాడు. సాంచలో అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే నూలు చుట్టలే కండెలు. అది ఆడవాళ్ల పని అని బాపు మొహం మాడ్చుకుంటే, ఆడవాళ్ల పనికి ఏం తక్కువైందని నేను తగులుకున్నాను. కానీ నాకు తెలుసు, ఆయన బాధ అది కాదు. ముప్పై ఏళ్లుగా సాంచలు నడిపిన మనిషికి వీపు వెనక అవే సాంచలు మోగుతుంటే తిరిగి చూడకుండా కూర్చోవడం ఎంత కష్టమో. పైగా ఆర్‌ఎంపీ రాసిన ఫిట్స్ గోళీలు మింగి సగం నిద్రలో ఉండేవాడు. అన్నం ముందు కూర్చుని కూర కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. అట్లా చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది, ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. ఆ కోపంలోనే ఒకరోజు బాపునూ అవ్వనూ బస్సెక్కించి కరీంనగర్ తీసుకుపోయాను.

డాక్టర్ యుమ్నా కరీంనగర్ అమ్మాయే. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. గుండె డాక్టరు. బాపు చెప్పిందంతా చివరిదాకా విన్నది. అవ్వ మధ్యలో గాలి సంగతి, దిష్టి సంగతి కలిపినా అడ్డం పోలేదు. ఈసీజీ తీశారు, మంచిగుంది. స్కానింగ్ తీశారు, మంచిగుంది. ఒంటికి వైర్లు కట్టి ఒక రోజంతా తిప్పారు, అదీ మంచిగుంది. ఇన్‌స్పెక్టరు వచ్చిననాడు బడిపిల్లలు బుద్ధిగా కూర్చున్నట్టు, పరీక్ష పెట్టినప్పుడల్లా బాపు గుండె బుద్ధిగా కూర్చుంటోంది.

"కాకా, నాకు గుండె మీదనే అనుమానమున్నది," అంది డాక్టరమ్మ. "కని నువ్వు పడ్డప్పుడు నేనుంటలేను. నేనున్నప్పుడు నువ్వు పడ్తలేవు. గందుకే నీ పక్కన ఎప్పటికి ఉండెటోన్ని ఒకన్ని వెడ్త."

అరచేతిలో ఒక చిన్న ముక్క పెట్టి చూపించింది. తెల్లటి లోహం, అగ్గిపుల్లంత పొడుగు, కాస్త వెడల్పు. అవ్వ దాన్ని వంగి చూసి, "నేను చేసే బీడీ కంటె పొట్టిగున్నదేందమ్మా," అంది.

దాన్ని ఛాతీ మీద తోలు కింద పెడతారట. గుండె కొట్టే ప్రతి దెబ్బా వింటూ మూడు నాలుగేళ్లు అక్కడే ఉంటుందట. తేడా వస్తే రాసి పెట్టుకుంటుందట. మంచం పక్కన ఒక డబ్బా పెట్టుకుంటే, లోపల రాసుకున్నదంతా రోజూ ఆ డబ్బాకు చెబుతుందట, డబ్బా ఆసుపత్రికి చెబుతుందట. వైరు లేదు, ఏమీ లేదు. నేను రోజూ మందుల డబ్బాల మీద పెద్ద పెద్ద పేర్లు చదివేదాన్ని. కానీ ఆ ముక్కను మాత్రం అరచేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాను. ఇంత చిన్నదానికి అంత ఓపికా?

చక్కెర జబ్బువాళ్ల చేతిలో తోలు కింద ఇట్లాంటివే పెడుతున్నారని, సూది గుచ్చకుండానే చక్కెర ఎంతుందో ఫోనుకు చెబుతాయని డాక్టరమ్మ చెప్పింది. ఊపిరితిత్తులకు పోయే రక్తనాళంలోనే కూర్చుని, మనిషికి ఆయాసం రాకముందే వస్తుందని చెప్పేవి కూడా ఉన్నాయట. "మనం రోగం వచ్చినంక దవాఖానకు వస్తం గదా నవీనా. ముందు ముందు రోగమే మనకంటె ముందు దవాఖానకు ఫోన్ జేస్తది," అంది. చెబుతున్నప్పుడు ఆమె కళ్లలో కూడా నా కళ్లలో ఉన్న ఆశ్చర్యమే ఉంది. రోజూ చూసే మనిషికి కూడా అలవాటు కాని సంగతులు కొన్ని ఉంటాయి కాబోలు.

బాపు మాత్రం వేరే ఆలోచనలో ఉన్నాడు. "బిడ్డా, మనసుల అనుకునేటియి గూడ తెలుస్తయా దానికి?" అని మెల్లగా అడిగాడు.

"తెల్వయి కాకా. ఊకె గుండెల కరెంటే చూస్తది."

"అయితే వెట్టుండ్రి," అన్నాడు బాపు. ఇన్నేళ్లుగా మనసులో ఏం దాచుకున్నాడోనని అవ్వ బస్సులో వచ్చేదాకా గునుస్తూనే ఉంది.

ఆసుపత్రిలో ఏదో అధ్యయనం జరుగుతుంటే అందులో బాపు పేరు చేర్చి డాక్టరమ్మే అది పెట్టింది. ఛాతీకి మందు పొడిచి, గోరంత గాటు పెట్టి, లోపలికి తోసి, పట్టీ అంటించారు. చాయ్ కూడా చల్లారలేదు, బాపు చొక్కా తొడుక్కుని బయటికి వచ్చాడు. పోయేముందు డాక్టరమ్మ ఒక చిన్న రిమోటు కూడా ఇచ్చింది. పడ్డప్పుడు పక్కనున్నవాళ్లు దాన్ని ఛాతీ మీద పెట్టి నొక్కితే, ఆ క్షణం సంగతి తప్పకుండా భద్రంగా ఉంటుందంది.

నేను ఊరుకునేదాన్నా? మరునాడే కార్ఖానాకు పోయి అందరినీ నిలబెట్టి నేర్పాను. సాంచల చప్పుడులో గొంతు చించుకున్నా సగం వినపడదు, అందుకే చేతులతో కూడా చూపించాను. "బాపు పడ్తె గిది వెట్టుండ్రి. ఎర్ర లైటు వచ్చేదాక నొక్కుండ్రి." అందరూ తలలూపారు. వెంకటి రెండుసార్లు ఊపాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు పరేషాన్. బాపు పడలేదు. ఉగాది పోయింది, ఎండలు పోయాయి, మానేరులో కొత్త నీళ్లొచ్చాయి, బాపు పడలేదు. కార్ఖానాలో అందరూ ఆ ముక్క మహిమే అన్నారు. వచ్చినవాళ్లల్లా బాపు చొక్కా గుండీ విప్పించి తోలు కింద దాన్ని వేలితో తడిమి చూసేవాళ్లు. అది నయం చేసేది కాదు, కాపలా కాసేది మాత్రమేనని నేను చెప్పి చెప్పి విసిగిపోయాను. బాపు పడకూడదని అవ్వ మొక్కుకునేది. నేనేం మొక్కాలి? పడితేనే తెలుస్తుంది, పడితే ఏమవుతుందో తెలియదు. కన్నతండ్రి పడతాడేమోనని భయపడుతూ, పడితే బాగుండునని ఎదురుచూసే కూతురి బతుకు ఎట్లుంటుందో నన్నడగండి.

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య ముందర ఒక మధ్యాహ్నం బాపు పడ్డాడు.

వెంకటి నీళ్లు తాగడానికి పోయినప్పుడు అతని సాంచ మీద పోగు తెగింది. మూలన కండెలు చుడుతున్న బాపుకు చప్పుడులో తేడా తెలిసిపోయింది. వద్దన్న పని అని మరచిపోయి లేచి పోయాడు. చెయ్యి చాచాడో లేదో పడ్డాడు. ముందుకు పడితే నడుస్తున్న సాంచ మీదే పడేవాడు. వెనక్కి పడ్డాడు. తల బండకు తగిలింది.

ఫోనొస్తే షాపు వదిలేసి ఉరుకుతూ పోయాను. అప్పటికే బాపు లేచి గోడకానుకుని కూర్చున్నాడు. తల వెనక తువ్వాల అదిమి పట్టుకున్నాడు. రెండో చేతి పిడికిలి బిగించి ఉంది. వేళ్లు విప్పి చూస్తే లోపల రిమోటు.

"ఎవ్వలు వెట్టిండ్రు గిది చేతుల?" అని అరిచాను.

"నేనే," అన్నాడు వెంకటి గర్వంగా. "జేబులకెల్లి తీసి సప్పున వెట్టిన. గట్టిగ ముడిసిన. గంతే, లేసి కూసున్నడు."

"ఛాతి మీద వెట్టి నొక్కుమన్న గదనే కాకా!"

వెంకటి బిత్తరపోయాడు. "ఇనుము తీర్గ అనుకున్న బిడ్డా. నువ్వు గిది వెట్టుమంటివి గద, పానా బదులు గావచ్చనుకుంటి."

అందరూ అట్లాగే అనుకున్నారట. తప్పు పట్టడానికి ఒక్కడు దొరికితే కదా! ఆరు నెలలకు పైగా ఎదురుచూసిన ఒక్క నిమిషం. అది వచ్చింది, పోయింది, మావాళ్లు దాన్ని పిడికిట్లో పెట్టి ముడిచేశారు. నేను అక్కడే బండ మీద కూర్చుని ఏడ్చాను. వెంకటిని తిట్టాను, కార్ఖానాను తిట్టాను, లేవకూడని చోటికి లేచి పోయినందుకు బాపును కూడా తిట్టాను.

పరశురాములు ఆసామి నన్ను తిట్టనిచ్చాడు. నేను ఆగినాక బాపు ముందర గొంతుకూర్చుని, "ఒరే సిద్దిగా, ఇగ నువ్వు కార్ఖాన గడప తొక్కకు," అన్నాడు. "కండెలు గూడ వద్దు. రేపు నువ్వు సాంచ మీద వడ్తె నేను జూడలేనురా." బాపు నా భుజం పట్టుకుని లేచి ఇంటిదారి పట్టాడు. 

మరునాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే ఫోను మోగింది. డాక్టర్ యుమ్నా.

"నవీనా, కాక ఎట్లున్నడు? నిన్న మధ్యాన్నం ఏమైంది?"

బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది. నేను ఆమెకు ఏం చెప్పలేదు. సిగ్గుతో చెప్పలేదు.

"మీకెట్ల ఎరుక మేడం? మేము బటన్ ఒత్తనే లేదు."

"అది మన బటన్ కోసం సూడలే. గుండె తప్పంగనే దానంతట అదే రాసుకున్నది. డబ్బా రాత్రి నాకు పంపింది. ఇప్పుడే బయల్దేరుండ్రి, కాకను నడిపియ్యకుండ్రి."

బాపు అక్కడే మంచంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మంచం పక్కన డబ్బా పచ్చ లైటుతో మామూలుగా ఉంది. మేమంతా ఏడ్చి, తిట్టుకుని, అలిసి పడుకున్నాక, మాలో ఎవరికీ తెలియకుండా బాపు గుండె సంగతి మా రేకుల ఇంట్లోంచి కరీంనగర్ పోయింది. నాకు ఆ డబ్బాకు దండం పెట్టాలనిపించింది. అవ్వ పెట్టేసింది కూడా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక కాయితం బల్ల మీద పరిచింది. దాని మీద సన్నటి గీత, లేస్తూ పడుతూ లేస్తూ పడుతూ పోయింది. ఒకచోట లేవడం ఆగిపోయింది. అక్కడినుంచి గీత చక్కగా, నున్నగా, ఏమీ లేకుండా పోయింది.

"గిదేంది?" అన్నాడు బాపు.

"అప్పుడు నీ గుండె కొట్టలే కాకా."

"ఎంతసేపు?" అని అవ్వ అడిగింది.

డాక్టరమ్మ కాయితాన్ని మా వైపు తిప్పింది. పెన్ను తీసి ఆ నున్నటి గీత మొదట్లో పెట్టి, గుండె ఎంతసేపు ఆగిందో అంత నెమ్మదిగా జరిపింది. మేము ముగ్గురం పెన్ను వైపే చూస్తున్నాం. అది జరుగుతూనే ఉంది. బయట వరండాలో ఎవరో ఎవరినో పిలిచారు, ఒక స్ట్రెచరు పోయింది, పెన్ను ఇంకా జరుగుతూనే ఉంది. ఇక చాలు, ఆపండి అని అరుద్దామనుకున్నాను. అవ్వ నా చేతిని పట్టుకుని గోళ్లు దిగేదాకా నొక్కింది. అప్పుడు గీత ఒక్కసారి లేచింది. ఆగింది. మళ్లీ లేచింది. తర్వాత ఏమీ జరగనట్టు మామూలుగా నడిచింది.

 నాకు తెలిసిన పెద్ద పెద్ద పేర్లన్నీ ఆ సన్నటి గీత ముందు ఎందుకూ పనికిరాలేదు. మా బాపు లేని చోటు అది. మా బాపు లేకుండా పోయి, మళ్లీ వచ్చిన చోటు. దాన్ని కళ్లతో చూస్తున్నాను.

"ఎవలు మొదలువెట్టిండ్రు మళ్ల?" అని అడిగాడు బాపు.

"ఎవ్వలు వెట్టలే. దానంతట అదే."

బాపు ఒప్పుకోలేదు. "సాంచ ఆగితె హ్యాండిల్ గుంజెటోడు ఒకడు గావాలె గద బిడ్డా?"

"సాంచకు గావాలె. గుండెకు దాని లోపట్నే ఉంటడు. నీకు ఆ లోపటోడు జర అలసిపోయిండు, గంతే. ఫిట్స్ కాదు కాకా. ఎన్నడు ఫిట్స్ కాదు."

ఇంకా కాయితాలు తీసింది. నిద్రలో కూడా చిన్న చిన్నగా ఆగుతోందట, ఈ మధ్య మొదలైందట. మళ్లీ నడుస్తోందట. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను పక్కన్నే పండుకుంట గదమ్మా," అంది. "ఒక్కసారన్న తెల్వకపాయె."

బాపు ఆ నున్నటి గీతనే వేలితో తడుముతున్నాడు, గుడ్డలో తప్పు చూసేటప్పుడు తడిమినట్టు. "బిడ్డా, గీ నడుమ నేనెక్కడున్న?" అని అడిగాడు.

డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టింది. "అది దానికి తెల్వదు కాకా. నాకూ తెల్వదు."

ఆ రోజే చేర్చుకున్నారు. భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. గుండె లోపలివాడు నిద్రపోతే వీడు లేపుతాడన్నమాట. ఫిట్స్ గోళీలు మెల్లమెల్లగా మానిపించారు. కొన్నాళ్లు ఎడమ చెయ్యి పైకెత్తొద్దన్నారు, మోటారు మీద వంగి ఛాతీ ఆనించొద్దన్నారు. ఈ రెండూ పాటిస్తే సాంచ నడపొచ్చని డాక్టరమ్మ కాయితం మీద రాసిచ్చింది. చలికాలం వచ్చేసరికి బాపు అన్నం ముందు కూర్చుంటే నాకంటే ముందే లేచేవాడు. నిద్రకళ్ల మనిషి పోయి, పాత కోపిష్టి మనిషి తిరిగొచ్చాడు. నా కోపం ఎక్కడినుంచి వచ్చిందో నాకప్పుడు మళ్లీ గుర్తుకొచ్చింది.

కాయితం జేబులో పెట్టుకుని బాపు కార్ఖానాకు పోయాడు. నేనూ వెంట పోయాను. పరశురాములు ఆసామి గడప దగ్గరే అడ్డం నిలబడ్డాడు. కాయితం చూశాడు, మడిచి తిరిగిచ్చాడు.

"కాయితం నిన్ను పట్టుకుంటదారా పడ్తె?" అని చప్పుడులో అరిచాడు.

బాపు వాదించలేదు. చొక్కా గుండీలు విప్పాడు. ఆసామి చెయ్యి పట్టుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. "నువ్వే జూడు," అన్నాడు.

సాంచలన్నీ నడుస్తుంటే నేలంతా అదురుతుంది, గుండె అదురు ఎట్లా తెలుస్తుంది? ఆసామి కాసేపు చూసి, తల తిప్పి వెంకటికి సైగ చేశాడు. వెంకటి మెయిన్ ఆపేశాడు. సాంచలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. కరెంటు ఉండగా పట్టపగలు కార్ఖానా ఆగడం నేనెప్పుడూ చూడలేదు. రేకుల మీద పిచ్చుకలు నడిచే చప్పుడు కూడా వినిపించింది.

ఆసామి కళ్లు మూసుకున్నాడు. సాంచలో ఎక్కడ తప్పు ఉందో చెక్క మీద అరచెయ్యి పెట్టి చెప్పే మనిషి ఆయన. చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు.

"నడుస్తున్నది," అన్నాడు చివరికి.  "మంచిగ నడుస్తున్నదిరా. పో, నీ సాంచలు నువ్వు వట్టుకో."

బాపు మొహం విప్పారింది. కానీ ఆసామి చెయ్యి తీయలేదు. ఏం తోచిందో, రెండో చెయ్యి తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యి కాస్త జరిపి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏందిరా?" అన్నాడు బాపు.

"ఏం లే. నాది నీ లెక్క లేదు. తప్పి తప్పి కొడ్తున్నది." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఎప్పట్సంది గిట్లున్నదో ఏమో. ఎన్నడు జూసుకోలే."

బాపు ఆయన చెయ్యి పక్కకు జరిపి తన అరచెయ్యి అక్కడ పెట్టాడు. ఆగిన సాంచల నడుమ ఎక్కడివాళ్లక్కడ నిలబడి ఉన్నారు. వెంకటి తన ఛాతీ మీద తను చెయ్యి పెట్టుకున్నాడు. అతన్ని చూసి పక్కనున్నాయన. ఆయన్ని చూసి ఇంకొకాయన. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నాకు తెలియకుండానే నా చెయ్యి కూడా పోయింది. పుట్టినప్పటినుంచి ఒక్కరోజు సెలవు అడగకుండా లోపల ఒకటి పనిచేస్తోంది, మేమెవరమూ ఒక్కసారి కూడా పలకరించలేదు. ఆ క్షణం నాకు భయమూ వేసింది, చెప్పలేనంత సంతోషమూ వేసింది.

"ఏం గాలేదుర భయ్, మెయిన్ వెయ్యుండ్రి, పని ఆగుతున్నది," అని ఆసామి అరిచాడు.

"వెయ్యకుండ్రి," అన్నాడు బాపు. చెయ్యి ఇంకా తీయలేదు. ఇన్నాళ్లు మూలన కూర్చుని ఎదురుచూసిన సాంచలు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. వాటివైపు చూడనైనా చూడలేదు. "నవీనా, డాక్టరమ్మకు ఫోన్ గలుపు. ఒరే పర్శిగా, అంగి తొడుక్కో. కరీంనగర్ పోదాం."

"మరి నీ సాంచలు?"

"అవి ఆగితె ఏం గాదురా," అన్నాడు బాపు.